మిగిలే ముక్కే... ప్రాణం!

కాలేయంలో క్యాన్సర్ గడ్డ. కోసి తీసేస్తే పీడ పోయినట్టే అనుకుంటాం. కానీ కోశాక మిగిలిన కాలేయం ఆ మనిషిని మోయగలదా? ఈ ప్రశ్నకు జవాబు గడ్డను చూస్తే దొరకదు. రెండు మూడు మామూలు రక్తపరీక్షలు, ఓ ఆకుపచ్చ రంగు ఇంజెక్షను, కొంచెం లెక్క... వాటిలో దొరుకుతుంది. ఆపరేషన్ బల్ల ఎక్కకముందే కాలేయానికి డాక్టర్లు వేసే ఆ మార్కుల కథే ఇది.

ఇద్దరు పేషెంట్లను ఊహించుకోండి. పక్కపక్క మంచాలు. ఒకాయన రిటైరైన మాస్టారు. రెండో ఆయన రైతు. ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరికీ ఎప్పుడో, ఎలాగో ఒంట్లో చేరిన హెపటైటిస్-బి వైరస్. ఇద్దరికీ కాలేయంలో కుడిపక్క నాలుగు సెంటీమీటర్ల గడ్డ... నిమ్మకాయంత. స్కానింగ్ ఫిల్ములు రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

మాస్టారికి ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. రైతు పెద్దకొడుకుని మాత్రం సర్జన్ గదిలోకి పిలిచారు.

‘‘మీ నాన్నగారికి పెద్ద ఆపరేషన్ వద్దనుకుంటున్నాం బాబూ.’’

‘‘అదేంటి సార్! పక్క మంచం మాస్టారికి చేస్తున్నారుగా. ఆయనకన్నా మా నాన్నే గట్టిమనిషి. మొన్నటిదాకా పొలం పనులు చేసుకున్నాడు. డబ్బు సంగతైతే చెప్పండి, ఎకరం అమ్మైనా కడతాం.’’

‘‘డబ్బు సంగతి కాదయ్యా. గడ్డ తీయడం మాకు పెద్ద కష్టం కాదు. తీశాక మిగిలిన కాలేయం ఆయన్ని నడిపించలేదేమోనని భయం.’’

గట్టిమనిషికి బలహీనమైన కాలేయం ఉండటమేంటి? పైకి తేడా ఏమీ కనిపించని ఇద్దరి మధ్య డాక్టరుకు అంత తేడా ఎక్కడ కనిపించింది?

అది తెలియాలంటే ముందు కాలేయం చేసే పనేంటో చూడాలి.

ఒళ్లంతా నడిపే ‘వంటిల్లు’

కుడివైపు పక్కటెముకల కింద దాక్కుని ఉండే కాలేయం బరువు కిలోంబావు నుంచి కిలోన్నర. ఒంట్లోని అవయవాల్లో గుండె, మూత్రపిండాలకు లేని సదుపాయం దీనికుంది. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర, గుండె నుంచి వచ్చే ధమని... రెండు దారుల్లో దీనికి రక్తం అందుతుంది. అందులో ముప్పాతిక వంతు పోర్టల్ సిరదే. తిన్నదంతా ముందు ఇక్కడికే వస్తుంది. చక్కెర నిల్వచేయడం, విషాలను విరిచేయడం, పైత్యరసం తయారుచేయడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను వండి పంపడం... ఇలా నిమిషం తీరిక లేని వంటిల్లది.

దీనికున్న మరో గొప్పగుణం... మళ్లీ పెరగడం. 1931లోనే హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల కాలేయంలో మూడింట రెండొంతులు తీసేసి చూశారు. కొద్దిరోజుల్లోనే మిగిలిన ముక్క పెరిగి దాదాపు మొదటి బరువుకు వచ్చేసింది. మనుషుల్లోనూ అంతే. బతికుండగానే కాలేయ దానం చేసేవారి నుంచి సగానికి పైగా కోసి తీస్తారు. రెండు మూడు నెలలు తిరిగేసరికి మిగిలింది చాలావరకు పెరిగిపోతుంది.

మరి క్యాన్సర్ పేషెంటుకు భయమెందుకు?

అక్కడే ఉంది తిరకాసు. కాలేయం ఇచ్చే దాత ఆరోగ్యవంతుడు. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ మాత్రం ఎక్కువగా అప్పటికే దెబ్బతిన్న కాలేయంలోనే పుడుతుంది. హెపటైటిస్-బి, సి వైరస్‌లు, ఏళ్ల తరబడి తాగుడు, మధుమేహం-ఊబకాయంతో వచ్చే కొవ్వు... కారణమేదైనా కాలేయం పదేపదే గాయపడుతుంది. మానిన ప్రతిచోటా మచ్చ మిగులుతుంది. చివరికి మెత్తగా ఉండాల్సిన అవయవం కణుపులు కణుపులుగా గట్టిపడిపోతుంది. అదే సిర్రోసిస్. అలాంటి నేలలో మొలిచిన విషపుమొక్కే క్యాన్సర్ గడ్డ.

అంటే పేషెంటుకు ఉన్నవి ఒకటి కాదు, రెండు జబ్బులు. మొదటిది గడ్డ. రెండోది గడ్డ చుట్టూ ఉన్న కాలేయం. సర్జన్ కత్తి మొదటిదాన్ని తీసేయగలదు. రెండోదాన్ని ఇంకాస్త తగ్గిస్తుంది!

2022 లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏడాదిలో సుమారు 8.66 లక్షల మందికి కాలేయ క్యాన్సర్ వస్తే, 7.58 లక్షల మంది దాంతో చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో దీనిది మూడో స్థానం. అంత మొండి జబ్బులో పూర్తిగా నయం కావడానికి అవకాశమిచ్చే దారులు కొన్నే. వాటిలో ఆపరేషన్ ఒకటి. అందుకే ఎవరికి చేయాలి, ఎంత చేయాలి అన్న నిర్ణయం ప్రాణంతో సమానం.

మార్కుల చీటీ పుట్టిందిలా...

కాలేయానికి మార్కులు వేయాలన్న ఆలోచన 1964 నాటిది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ సర్జన్లు ఛార్లెస్ గార్డ్‌నర్ ఛైల్డ్, జెరెమియా టర్కాట్ దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో వాళ్ల సమస్య క్యాన్సర్ కాదు. సిర్రోసిస్ రోగుల్లో అన్నవాహికలో సిరలు ఉబ్బి పగిలి రక్తపు వాంతులయ్యేవి. దానికి చేసే ఆపరేషన్‌ను ఎవరు తట్టుకుంటారో ముందే తెలుసుకోవాలనుకున్నారు. అయిదు విషయాలు చూసి రోగులను ఎ, బి, సి అని మూడు తరగతులుగా విడగొట్టారు. అందులో ఒకటి ‘మనిషి పుష్టిగా ఉన్నాడా లేదా’ అన్నది. అది ఒక్కో డాక్టరు కంటికి ఒక్కోలా కనిపిస్తుంది కదా! 1973లో లండన్‌లోని ప్యూ బృందం దాన్ని తీసేసి, రక్తం గడ్డకట్టే సమయాన్ని చేర్చింది. అలా తయారైందే ‘ఛైల్డ్-ప్యూ’ స్కోరు. అర్ధశతాబ్దం దాటినా ఇవాళ్టికీ కాలేయ వైద్యుల నోట ముందు వచ్చే మాట అదే.

లెక్క చాలా తేలిక. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. బడి మార్కులకు ఇది తలకిందులు... ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

* బిలిరుబిన్: 2 మిల్లీగ్రాములలోపు ఉంటే 1. రెండుకీ మూడుకీ మధ్య 2. మూడు దాటితే 3.

* అల్బుమిన్: 3.5 గ్రాములు దాటితే 1. 2.8 నుంచి 3.5 దాకా 2. అంతకన్నా తగ్గితే 3.

* రక్తం గడ్డకట్టే తీరు (ఐఎన్ఆర్): 1.7లోపు 1. 2.3 దాకా 2. ఆపైన 3.

* పొట్టలో నీరు: లేకపోతే 1. కొద్దిగా ఉంటే 2. బాగా ఉంటే 3.

* మతి తప్పడం, మగత: లేకపోతే 1. కొద్దిగా ఉంటే 2. తీవ్రంగా ఉంటే 3.

మొత్తం 5, 6 వస్తే ‘ఎ’. 7 నుంచి 9 దాకా ‘బి’. 10 నుంచి 15 దాకా ‘సి’. సాధారణంగా ‘ఎ’ వాళ్లకే కాలేయం కోసే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ‘బి’లో బాగా ఎంచిన కొందరికి చిన్న ఆపరేషన్లు. ‘సి’ వాళ్లకు కోత పెట్టడమంటే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడమే.

ఈ అయిదూ ఎందుకంటారా? ప్రతిదీ వంటింట్లో ఒక్కో పొయ్యి లాంటిది. పాతబడి చచ్చిన ఎర్రకణాల నుంచి వచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్. దాన్ని బయటికి పంపలేకపోతే కళ్లు పచ్చబడతాయి. అల్బుమిన్ కాలేయం మాత్రమే తయారుచేసే మాంసకృత్తి. అది తగ్గితే కాళ్లవాపు, పొట్టలో నీరు. ఐఎన్ఆర్ పెరిగిందంటే రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాల ఉత్పత్తి పడిపోయిందని. ఇక్కడో విశేషం ఉంది. రక్తంలో అల్బుమిన్ సగానికి తగ్గడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. గడ్డకట్టించే పదార్థాల్లో ఒకటైతే కొన్ని గంటల్లోనే సగమైపోతుంది. అంటే అల్బుమిన్ గత నెల జమాఖర్చు చెబుతుంది. ఐఎన్ఆర్ నిన్నా ఇవాళా ఏం జరిగిందో చెబుతుంది.

ఎస్‌జీపీటీ నార్మల్ వస్తే చాలా?

‘‘లివర్ టెస్టులన్నీ చేయించాం. ఎస్‌జీపీటీ నార్మలే!’’ అని సంబరపడే కుటుంబాలు ఎన్నో. నిజానికి ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాలేయం ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే పరీక్షలు కావు. కాలేయ కణాలు దెబ్బతిని పగిలినప్పుడు బయటికొచ్చే పదార్థాలవి. ఇల్లు తగలబడుతుంటే వచ్చే పొగ లాంటివి. పొగ లేదంటే మంట లేదని అర్థం... ఇల్లు బాగుందని కాదు. ఎప్పుడో కాలి బూడిదైన ఇంట్లోనూ పొగ ఉండదు. బాగా ముదిరిన సిర్రోసిస్‌లో ఎస్‌జీపీటీ మామూలుగా కనిపించడం అరుదేమీ కాదు. మిగిలిన సత్తువ ఎంతో తెలియాలంటే బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ చూడాల్సిందే.

ఇంకో అంకె కూడా ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్లేట్‌లెట్లు. కాలేయం గట్టిపడితే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లు లక్ష లోపుంటే సర్జన్ కనుబొమ్మలు ముడిపడతాయి. 1996లో బార్సిలోనాకు చెందిన బ్రూయిక్స్ బృందం మెడ సిర గుండా సన్నని గొట్టం పంపి ఈ ఒత్తిడిని కొలిచింది. అది 10 మిల్లీమీటర్లు దాటిన వాళ్లలో... ఛైల్డ్ ‘ఎ’ అయినా సరే... ఆపరేషన్ తర్వాత కాలేయం తడబడుతోందని తేల్చింది. ఇప్పుడు చిన్న కోతలతో చేసే లాప్రోస్కోపిక్ పద్ధతుల పుణ్యమా అని ఒత్తిడి ఉన్నవాళ్లలోనూ కొందరికి చిన్న ఆపరేషన్లు చేస్తున్నారు. కానీ ఆ అంకెను చూడకుండా మాత్రం ఎవరూ ముందుకెళ్లరు.

ఆకుపచ్చ రంగు... 15 నిమిషాలు!

కాలేయ శస్త్రచికిత్స చరిత్రలో 1970ల దాకా అదో సాహసం. కాలేయంలో పెద్దభాగం తీయించుకున్నవారిలో సుమారు ప్రతి అయిదుగురిలో ఒకరు ఇంటికి తిరిగెళ్లేవారు కాదు. సిర్రోసిస్ కూడా ఉంటే పరిస్థితి మరీ ఘోరం. హెపటైటిస్ వైరస్‌లు ఎక్కువగా ఉన్న జపాన్‌లో ఈ సమస్య మరింత తీవ్రం. ఆపరేషన్ చేయాల్సిన ప్రతి కాలేయమూ దెబ్బతిన్నదే మరి!

టోక్యోకు చెందిన సర్జన్ మసతోషి మకుచి దీనికో దారి వెతికారు. ఆయుధం... ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు. దాన్నే ‘ఐసీజీ’ అంటారు. 1950ల్లో కెమెరా ఫిల్ముల కంపెనీ కొడాక్ ప్రయోగశాలల్లో పుట్టిన రంగది! దీన్ని సిరలోకి ఎక్కిస్తే ఒంట్లో మరే అవయవమూ ముట్టుకోదు. కాలేయం ఒక్కటే పట్టుకుని, మార్చకుండా పైత్యరసంలోకి వదిలేస్తుంది. సరిగ్గా పదిహేను నిమిషాలకు రక్తంలో ఎంత రంగు మిగిలిందో చూస్తారు. ఆరోగ్యవంతమైన కాలేయమైతే పది శాతంకన్నా తక్కువే మిగులుతుంది. ఎక్కువ మిగిలిందంటే కాలేయం నెమ్మదించిందని అర్థం. ఇప్పుడైతే వేలికి క్లిప్పు పెట్టి రక్తం తీయకుండానే కొలిచే యంత్రాలొచ్చాయి.

మకుచి మూడే ప్రశ్నలతో ఓ దారిపటం గీశారు. పొట్టలో నీరుందా? బిలిరుబిన్ ఎంత? రంగు ఎంత మిగిలింది?

మందులకు లొంగని నీరుంటే ఆపరేషన్ లేదు. బిలిరుబిన్ 2 దాటితే లేదు. 1.6 నుంచి 1.9 దాకా అయితే గడ్డను మాత్రం ఒలిచి తీయొచ్చు. 1.1 నుంచి 1.5 దాకా అయితే చిన్నముక్క. ఒకటి లోపుంటేనే రంగు పరీక్షతో తర్వాతి నిర్ణయం. 10 శాతంలోపు మిగిలితే కాలేయం కుడిభాగమంతా తీయొచ్చు. 10 నుంచి 19 అయితే ఎడమభాగమో, అంతటి ముక్కో. 20 నుంచి 29 అయితే ఎనిమిది గదుల కాలేయంలో ఒక్క గది. ఆపైన ఇంకా తక్కువ.

ఈ నియమాన్ని టోక్యో విశ్వవిద్యాలయంలో తు.చ. తప్పకుండా పాటించారు. ఫలితం... 2003లో వెలువడిన నివేదికలో ఉంది. ఎనిమిదేళ్లలో 1,056 కాలేయ ఆపరేషన్లు. ఆపరేషన్ వల్ల ఒక్క మరణమూ లేదు! మకుచి కత్తి నైపుణ్యం గొప్పదే. కానీ ‘ఎక్కడ ఆగాలో’ ముందే రాసిపెట్టుకున్న ఆ కాగితం అంతకన్నా గొప్పది.

ఇద్దరూ ‘ఎ’ గ్రేడే... మరి తేడా?

ఇప్పుడు మన మాస్టారి దగ్గరికి, రైతు దగ్గరికి వద్దాం. ఇద్దరికీ పొట్టలో నీరు లేదు. మతి చక్కగా ఉంది. ఐఎన్ఆర్ బాగుంది. మాస్టారి బిలిరుబిన్ 0.8, అల్బుమిన్ 4.2. రైతు బిలిరుబిన్ 1.8, అల్బుమిన్ 3.6. ఛైల్డ్-ప్యూ పట్టికలో చూసుకోండి. ఇద్దరికీ అన్నింట్లోనూ ఒక్కో మార్కే. ఇద్దరూ 5. ఇద్దరూ ‘ఎ’ గ్రేడే!

పరీక్షలో 95 వచ్చినవాడూ, 61 వచ్చినవాడూ ఇద్దరూ ఫస్టు క్లాసే అన్నట్టుంది కదూ? ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2015లో బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ జాన్సన్ బృందం ‘ఆల్బి’ అనే కొత్త కొలతను తెచ్చింది. అల్బుమిన్, బిలిరుబిన్ పేర్లలోని మొదటి అక్షరాలే ఆ పేరు. జపాన్, చైనా, యూరప్, అమెరికాలకు చెందిన వేలమంది కాలేయ క్యాన్సర్ రోగుల వివరాలతో దీన్ని సరిచూశారు. ఇందులో డాక్టరు కంటి అంచనాకు చోటు లేదు. పొట్టలో నీరు ‘కొద్దిగా’నా ‘బాగా’నా అన్న తర్జనభర్జన లేదు. రెండే రక్తపరీక్షలు, ఒక లాగరిథమ్ లెక్క. జవాబు మైనస్ అంకెల్లో వస్తుంది. మైనస్ 2.60 లేదా అంతకన్నా కిందికి ఉంటే మొదటి గ్రేడు. అక్కణ్నుంచి మైనస్ 1.39 దాకా రెండో గ్రేడు. దాన్ని దాటితే మూడోది.

లెక్కవేస్తే మాస్టారికి మైనస్ 2.82 వచ్చింది. మొదటి గ్రేడు. రైతుకు మైనస్ 2.08. రెండో గ్రేడు! ఒకే ‘ఎ’ తరగతిలో ఉన్న ఇద్దరూ విడిపోయారు. ఛైల్డ్ ‘ఎ’ రోగులను ఆల్బి ఇలా రెండు జట్లుగా విడదీస్తే, మొదటి జట్టు రెండోదానికన్నా స్పష్టంగా ఎక్కువకాలం జీవిస్తున్నట్టు జాన్సన్ బృందం చూపించింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ ఇదే ధోరణి కనిపించింది. మకుచి పటంలో చూసినా అంతే. 1.8 బిలిరుబిన్ ఉన్న రైతుకు గడ్డను ఒలిచి తీయడానికి మించి అనుమతి లేదు.

సర్జన్ చూసిన తేడా అదీ. పొలంలో నాగలి పట్టే చేతి బలానికీ, పక్కటెముకల కింది వంటింటి బలానికీ సంబంధం లేదు.

ఇదే కోవలో మరోటి ‘మెల్డ్’. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2000, 2001ల్లో రూపొందించారు. బిలిరుబిన్, ఐఎన్ఆర్‌లతోపాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్‌నూ కలుపుతారు. తర్వాత సోడియం లాంటివీ చేరాయి. 2002 నుంచి అమెరికాలో కాలేయ మార్పిడికి ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస దీంతోనే నిర్ణయిస్తున్నారు. సిర్రోసిస్ ఉండి క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్నవారిపై అదే సంస్థ 2005లో ఫలితాలు వెల్లడించింది. మెల్డ్ 8, అంతకన్నా తక్కువ ఉన్నవారిలో ఆపరేషన్ మరణాలు లేవు. 9, ఆపైన ఉన్నవారిలో 29 శాతం!

కొలిచి కోయాలి... పెంచి కోయాలి

పనితీరు తెలిసింది. మరి పరిమాణం? ఇప్పుడు సీటీ స్కాన్ చిత్రాలతో కంప్యూటర్‌లో కాలేయాన్ని ముందే ‘కోసి’ చూస్తున్నారు. తీసేది ఎన్ని మిల్లీలీటర్లు, మిగిలేది ఎన్ని అని లెక్కగడతారు. ఆరోగ్యవంతమైన కాలేయమైతే 20-25 శాతం మిగిలినా నెట్టుకొస్తుంది. సిర్రోసిస్ కాలేయానికి కనీసం 40 శాతం కావాలి.

అంత మిగలదనుకుంటే ఓ చిట్కా ఉంది. తీయబోయే పక్కకు వెళ్లే పోర్టల్ సిరను ముందే మూసేస్తారు. రక్తమంతా రెండో పక్కకు మళ్లుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ పక్క పెరుగుతుంది. అప్పుడు ఆపరేషన్. 1980ల్లో జపాన్ వైద్యులు మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఇంకో లాభమూ ఉంది. పెరగమంటే పెరగని కాలేయం... కోశాక పెరుగుతుందన్న ఆశ లేదు. ఆ సంగతి కత్తి పెట్టకముందే తెలిసిపోతుంది.

ఆ అయిదో రోజు...

ఆపరేషన్ అయిపోయింది. గడ్డ పోయింది. ఇంట్లోవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటారు. డాక్టర్లు మాత్రం కేలెండర్ వైపు చూస్తుంటారు. అయిదో రోజు కోసం!

మొదటి రెండు మూడు రోజులు ఎవరికైనా బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది. మిగిలిన కాలేయం కుదురుకుంటే అయిదో రోజుకల్లా దిగివస్తుంది. ప్యారిస్ దగ్గర్లోని బోజోన్ ఆసుపత్రి వైద్యులు 775 ఆపరేషన్లను పరిశీలించి 2005లో ఓ సూత్రం చెప్పారు. అదే ‘50-50’. అయిదో రోజున గడ్డకట్టే శక్తి మామూలులో 50 శాతంకన్నా తక్కువగా, బిలిరుబిన్ 50 మైక్రోమోల్స్ (సుమారు 3 మిల్లీగ్రాములు) కన్నా ఎక్కువగా ఉంటే ప్రాణాపాయం 59 శాతం. అలా లేనివారిలో 1.2 శాతం! 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆపరేషన్ తర్వాతి కాలేయ వైఫల్యానికి ఇచ్చిన నిర్వచనమూ అయిదో రోజు ఐఎన్ఆర్, బిలిరుబిన్‌ల చుట్టూనే తిరుగుతుంది.

ముందే తెలిస్తే లాభమేంటి? ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో వెతకొచ్చు. కాలేయానికి రక్తం సరిగా అందుతోందో లేదో చూడొచ్చు. ఐసీయూ నుంచి తొందరపడి పంపకుండా ఉండొచ్చు.

శాతాల వెనక మనిషి

‘‘అయితే సార్, నాన్న ఎన్నేళ్లు బతుకుతాడు?’’ ప్రతి కుటుంబం చివరికి అడిగే ప్రశ్న ఇదే.

బాగా ఎంచి ఆపరేషన్ చేసినవారిలో అయిదేళ్లు దాటి జీవించేవారు 50 నుంచి 70 శాతం దాకా ఉంటున్నారు. ఈ మాటను ‘మీ నాన్న అయిదేళ్లు బతుకుతాడు’ అని వినకూడదు. ‘అయిదేళ్లే’ అనీ వినకూడదు. ఇలాంటి వందమందిలో 50 నుంచి 70 మంది అయిదేళ్ల తర్వాత కూడా ఉంటారనే అర్థం. మీవారు ఆ వందలో ఎవరన్నది ఏ స్కోరూ చెప్పలేదు. వాన పడే అవకాశం 60 శాతం అంటే గొడుగు పట్టుకెళ్తాం... అంతవరకే.

ఇంకో నిజమూ చెప్పుకోవాలి. ఆపరేషన్ తర్వాత అయిదేళ్లలో దాదాపు 70 శాతం మందిలో గడ్డ మళ్లీ వస్తుంది. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా పాత గడ్డ వెదజల్లిన విత్తనం. దానికి గడ్డ పరిమాణం, సంఖ్య, రక్తనాళాల్లోకి పాకడం లాంటివి కారణం. ఆ తర్వాత వచ్చేది చాలాసార్లు కొత్త గడ్డ. జబ్బుపడిన నేలలో మళ్లీ మొలిచింది. అందుకే కాలేయం పనితీరు ఆపరేషన్ గట్టెక్కడానికే కాదు, ఏళ్ల తర్వాతి భవిష్యత్తుకూ సూచికే. రెండోసారి గడ్డ వస్తే మళ్లీ చికిత్స చేయగలమా లేదా అన్నదీ అప్పటికి మిగిలిన సత్తువను బట్టే ఉంటుంది.

మంచిమాట ఏంటంటే... ఈ మార్కులు రాతిమీద గీతలు కావు. తాగుడు పూర్తిగా మానేసిన కాలేయం కొన్ని నెలల్లో తేరుకుని తరగతి మారిన సందర్భాలుంటాయి. హెపటైటిస్-బికి మాత్రలు క్రమంగా వాడితే వైరస్ అణిగి, గడ్డ తిరిగొచ్చే ముప్పూ తగ్గుతుంది. 2013 తర్వాత వచ్చిన మందులతో హెపటైటిస్-సి నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. పచ్చకామెర్లు అనగానే పసరుమందుకో, చేతిమీద వాతలకో పరిగెత్తి పోగొట్టుకునే వారాలే ఖరీదైనవి.

అసలు ఆ దాకా రాకుండా చూసుకునే దారీ ఉంది. 1984లో తైవాన్ దేశమంతటా పిల్లలకు హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టింది. పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గిందని 1997లో రుజువైంది. ఒకరకంగా క్యాన్సర్‌ను ఆపిన మొదటి టీకా అది! ఆ 1997లోనే మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్-బి టీకాను తెచ్చి ధరను సామాన్యుడికి అందించింది. 2011 నాటికి అది దేశమంతటా ఉచిత టీకాల జాబితాలో చేరింది. ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లు, సిర్రోసిస్ ఉన్నవాళ్లు చేయాల్సింది డాక్టరు చెప్పినట్టు ఆరునెలలకోసారి స్కానింగ్. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే కోయాల్సిందీ తక్కువే.

డాక్టర్ని ఏం అడగాలి?

* గడ్డ ఒక్కటేనా? కాలేయంలో సిర్రోసిస్ ఉందా?

* ఛైల్డ్-ప్యూ, మెల్డ్, ఆల్బి... మావారికి ఎంత వచ్చాయి?

* ప్లేట్‌లెట్లు ఎన్ని? పోర్టల్ సిరలో ఒత్తిడి ఉందా?

* ఎంత తీస్తారు? ఎంత మిగులుతుంది?

* ఆపరేషన్ కాకపోతే వేరే దారులేంటి? కాలేయ మార్పిడికి పనికొస్తామా?

* వైరస్‌కు మందు ఎప్పటిదాకా వాడాలి? స్కానింగ్‌కు ఎన్నాళ్లకోసారి రావాలి?

ఈ ప్రశ్నలకు ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

* * *

మళ్లీ ఆ గదిలోకి వెళ్దాం. రైతు కొడుకు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

‘‘అయితే ఇంక దారి లేదా సార్?’’

‘‘ఉంది. ఒక్కటే గడ్డ, అయిదు సెంటీమీటర్ల లోపే. కాలేయ మార్పిడికి 1996 నుంచి మేం పాటించే మిలాన్ నియమానికి సరిపోతుంది. మార్పిడిలో గడ్డా పోతుంది, చెడిన కాలేయమూ పోతుంది. ఇంట్లో ఎవరైనా ఇవ్వగలరేమో చూద్దాం. కుదరకపోతే గడ్డ వరకే ఒలిచి తీయడమో, సూదితో కాల్చడమో, దానికి రక్తం అందకుండా మందు పంపి మూసేయడమో ఉన్నాయి. కుడిపక్క అంతా కోసేసి, వారం తిరక్కుండా మీ నాన్నగారిని మీకు అప్పజెప్పలేకపోతే... ఆ ఆపరేషన్ ఎందుకు చెప్పు?’’

అతను తలూపాడు. పొద్దుట వచ్చినప్పుడు అతని చేతిలో స్కానింగ్ ఫిల్ముల కవరు ఉంది. అందరికీ ఆ గడ్డనే చూపిస్తూ తిరిగాడు. ఇప్పుడు దాన్ని బల్లమీద పెట్టేసి, రక్తపరీక్షల కాగితం తీసుకున్నాడు.

‘‘ఇందులో అల్బుమిన్ అంటే ఏది సార్?’’

గడ్డ నుంచి చూపు మిగిలిన కాలేయం మీదికి మళ్లింది. వైద్యం మొదలయ్యేది అక్కణ్నుంచే.